వచ్చే ఏడు ఇంకా మంచిది వస్తుందంట!

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో, 2026 సంక్రాంతి సెలవుల్లో చేసిన ప్రసంగ పాఠం)

  వెనక వరసల్లో కూర్చున్న పదో తరగతి పిల్లలూ! ఈ అరగంట ముఖ్యంగా మీ కోసమే.

కార్యదర్శి గారు నెల కిందట ఫోన్ చేశారు. "నువ్వు హైదరాబాద్‌లో చిప్పుల కంపెనీలో చేస్తున్నావు గదా. రాబోయే లాప్‌టాప్‌లు, కొత్త ప్రాసెసర్ల గురించి మాట్లాడు. అందరూ అదే అడుగుతున్నారు" అన్నారు. అడగడానికి కారణం కూడా చెప్పారు. మన బడికి సంఘం తరఫున కంప్యూటర్ గది ఇవ్వాలని అనుకుంటున్నాం. డబ్బు కొంత పోగైంది. అయితే కమిటీలో రెండు మాటలున్నాయి. ఇప్పుడే కొనేద్దామని కొందరు. వచ్చే ఏడు ఇంకా వేగమైనవి వస్తాయంట, ఇప్పుడు కొంటే పాతవైపోతాయి, ఒక్క ఏడాది ఆగుదామని కొందరు. రెండో మాట చెప్పినవాళ్లు తెలివితక్కువ వాళ్లేం కాదు. నేనూ అదే మాట ఒకరికి చెప్పాను. దాని వల్ల ఏం జరిగిందో ముందు చెప్పి, తర్వాత చిప్పుల సంగతికి వస్తాను.

నా బ్యాచ్ మిత్రుడొకడు ఇక్కడే మిరప వేస్తాడు. పేరు చెప్పను, సభలోనే ఉన్నాడు. పోయిన ఏడాది జూలైలో వాళ్ల అమ్మాయికి ఇంజినీరింగ్‌లో కంప్యూటర్ సైన్స్ సీటొచ్చింది. వాడు ఫోన్ చేసి, "ఒరేయ్, పిల్లకి లాప్‌టాప్ కొనాలి. నరసరావుపేటలో ఒకటి చూశా. కొనమంటావా?" అన్నాడు. నాకు తెలిసిన విద్య గదా, ఊరుకోలేకపోయాను. "ఆగరా. కొత్త తరం ప్రాసెసర్లు వస్తున్నాయి. దసరాకి ఇవన్నీ చవకవుతాయి. రెండు నెలలు ఓపిక పట్టు" అన్నాను.

వాడు ఆగాడు. మిరప నారు వేసే రోజులొచ్చాయి. చేతిలో ఉన్న డబ్బు ఎరువులకు, పురుగుమందులకు, కూలీలకు పోయింది. దసరా వచ్చింది. ధర తగ్గలేదు సరిగదా, ఆ తర్వాత పెరగడం మొదలుపెట్టింది. ఎందుకు పెరిగిందో కాసేపట్లో చెబుతాను. చివరికి డిసెంబరులో, జూలైలో చూసిన మోడలే, రెండు మూడు వేలు ఎక్కువ పెట్టి కొన్నాడు. అప్పటికి పిల్లకు మొదటి సెమిస్టర్ అయిపోవచ్చింది.

పండక్కి వచ్చి వాళ్లింటికి వెళితే ఆ అమ్మాయి కాఫీ ఇస్తూ అంది: "బాబాయ్, మా క్లాసులో అయిదారేళ్ల పాత లాప్‌టాప్‌లు ఉన్నవాళ్లు కూడా ప్రోగ్రాములన్నీ చేసేశారు. నేను కాగితం మీద రాసుకుని, ల్యాబ్‌లో గంట దొరికితే టైపు చేసుకునేదాన్ని." కోపంగా అనలేదు, మామూలుగానే అంది. నాకు కాఫీ దిగలేదు.

వాళ్ల నాన్న ఇంకో మాటన్నాడు. మిరప రైతులందరికీ అది అర్థమవుతుంది. "మిర్చి ధర పెరుగుద్దని కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఒకసారి మునిగా. లాప్‌టాప్ ధర తగ్గుద్దని ఆగి రెండోసారి మునిగా" అన్నాడు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు మిర్చి ధర పడిపోతే, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని ధర కట్టాల్సి వచ్చింది. ఆ లెక్కన యాభై అరవై వేల లాప్‌టాప్ అంటే అయిదు క్వింటాళ్ల మిర్చి. అందుకని ఇది సరదా మాట కాదు. నా నోటి మాట ఖరీదు ఒక పిల్లకు ఒక సెమిస్టర్.

సరే, ఇప్పుడు అసలు సంగతి. ఈ "వస్తుందంట" అన్న మాట ఎక్కడ పుడుతుంది?

ఒక ప్రాసెసర్ కాగితం మీద మొదలై దుకాణానికి చేరడానికి మూడు నుంచి అయిదేళ్లు పడుతుంది. నేను ఇవాళ పరీక్షిస్తున్నది మీ చేతికి రావడానికి ఇంకా చాలా కాలం ఉంటుంది. ఆ మధ్య కాలంలో దాని జాడలు బయట పడుతూనే ఉంటాయి. కొత్త చిప్ మీద లైనక్స్ నడవాలంటే దానికి కావలసిన కోడ్‌ను ముందే అందరికీ కనపడేలా పెట్టాలి. నమూనా చిప్పులు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతే సరుకు కాగితాల్లో పేరుంటుంది. ఎవరో ఇంజినీరు వేగం కొలిచే ప్రోగ్రాము నడిపితే ఆ మార్కులు ఇంటర్నెట్‌లోకి ఎక్కుతాయి. వీటిని ఏరుకుని, కొంత ఊహ కలిపి వీడియోలు చేసేవాళ్లున్నారు. అందులో కొంత నిజమే ఉంటుంది. ఒక చిప్ వస్తోందన్నది చాలాసార్లు నిజమవుతుంది. ఎప్పుడు వస్తుంది, ఎంత ధరకు వస్తుంది, మన ఊరి దుకాణంలోకి ఎప్పుడు దిగుతుంది, ఈ మూడూ చాలాసార్లు తప్పవుతాయి. కొనేవాడికి కావలసింది ఆ మూడే.

సంక్రాంతి రోజులు కాబట్టి పందెం మాట రాక తప్పదు. గురజాల వాళ్లకు పందెం గురించి ఇంకొకరు చెప్పక్కర్లేదు. పల్నాటి కథలో కోడిపందెం ఓడినందుకు మాచర్ల వాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి పోయారు. చూడని ప్రాసెసర్ మీద పందెం కాసి ఏళ్లకేళ్లు వనవాసం చేసినవాళ్లు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. రెండు మూడు కథలు చెబుతాను.

మొదటిది ఆపిల్ వాళ్లది. 2003 జూన్‌లో స్టీవ్ జాబ్స్ జీ5 అనే ప్రాసెసర్‌తో కొత్త డెస్క్‌టాప్ చూపించి, ఏడాది లోపల దాని వేగం 3 గిగాహెర్ట్జ్‌కు చేరుతుందని వేదిక మీద మాటిచ్చారు. గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు వంద కోట్ల అడుగులు అనుకోండి. ఏడాది గడిచింది. వచ్చింది 2.5. దాన్ని చల్లబరచడానికి నీళ్ల గొట్టాలు పెట్టాల్సి వచ్చింది. అదే చిప్‌తో లాప్‌టాప్ వస్తుంది, ఇదిగో వచ్చే నెల, అదిగో ఆ పై నెల అని జనం రెండేళ్లు ఎదురుచూశారు. చేతిలో పని ఉండి కూడా పాతది కొనకుండా ఆగినవాళ్లున్నారు. ఆ లాప్‌టాప్ ఎప్పటికీ రాలేదు. 2005 జూన్‌లో ఆపిల్ ఆ చిప్‌నే వదిలేసి ఇంటెల్‌కు మారుతున్నామని ప్రకటించింది. 2006 జనవరిలో వచ్చినదాని పేరు కూడా వేరే. ఆగినవాళ్లు ఆగిన వస్తువు ఒకటి, దొరికిన వస్తువు ఇంకొకటి.

రెండోది అమ్మేవాడి వైపు నుంచి. ఆడమ్ ఆస్‌బర్న్ అని ఒకాయన. చిన్నతనం తమిళనాడులో తిరువణ్ణామలైలో గడిచింది, చివరి రోజులు కొడైకెనాల్‌లో గడిచాయి. మధ్యలో అమెరికా వెళ్లి 1981లో చేత్తో పట్టుకుపోగలిగే కంప్యూటర్ ఒకటి అమ్మాడు. బరువు పదకొండు కిలోలు. ధర 1,795 డాలర్లు. బాగా అమ్ముడుపోయింది. తర్వాత ఇంకా మంచిది వస్తోందని ముందే చెప్పాడు. అది విని జనం ఉన్నదాన్ని కొనడం మానేశారు. 1983లో కంపెనీ దివాలా తీసింది. దివాలాకు వేరే కారణాలూ ఉన్నాయని తర్వాత తేల్చారు గానీ, "ఇంకా మంచిది వస్తుంది" అన్న మాటకు ఉన్న బలం తెలియాలంటే ఈ కథ చాలు. ఇప్పటికీ ఆ దెబ్బకు ఆయన పేరే పెట్టి పిలుస్తారు.

మూడోది మా పరిశ్రమ మొత్తానిది. దీంట్లో రెంటచింతల ఉంది, వినండి.

1965లో గోర్డన్ మూర్ అనే ఇంజినీరు ఒక పత్రికలో రాశాడు, చిప్ మీద పట్టే భాగాల సంఖ్య ఏటా రెట్టింపవుతోందని. పదేళ్ల తర్వాత సరిదిద్ది, రెండేళ్లకు రెట్టింపు అన్నాడు. 1971లో ఇంటెల్ మొదటి ప్రాసెసర్ 4004లో 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. ఇవాళ మామూలు లాప్‌టాప్ చిప్‌లో వేల కోట్లలో ఉంటున్నాయి. ట్రాన్సిస్టర్ అంటే కాలవ మీద షట్టర్ లాంటిది. నాగార్జునసాగర్ కుడి కాలవ నుంచి మన చేలకు నీళ్లు వదిలే షట్టర్ ఎత్తితే పారతాయి, దించితే ఆగుతాయి. చిప్‌లో నీళ్లకు బదులు కరెంటు.

షట్టర్లు చిన్నవయ్యే కొద్దీ తక్కువ కరెంటుతో, ఎక్కువ వేగంతో ఎత్తి దించొచ్చు. ముప్పై ఏళ్ల పాటు ఇలాగే సాగింది. నేను ఇంజినీరింగ్‌లో చేరిన రోజుల్లో ఏడాది ఆగి కొంటే నిజంగానే చాలా వేగమైనది వచ్చేది. ఆగమని చెప్పే అలవాటు మాకు ఆ కాలంలో వచ్చింది. 2000 ప్రాంతంలో ఇంటెల్ వాళ్లే తమ పెంటియం 4 డిజైన్ ముందు ముందు 10 గిగాహెర్ట్జ్ దాకా పోతుందని చెప్పుకున్నారు.

అది జరగలేదు. షట్టర్లు మరీ చిన్నవైపోయాక, దించి ఉన్నప్పుడు కూడా కరెంటు కారడం మొదలైంది. ఓల్టేజీ ఇంక తగ్గించడానికి వీల్లేకపోయింది. వేగం పెంచితే వేడి పెరుగుతుంది. గోరంత స్థలంలో వేడి పిడుగురాళ్ల సున్నపు బట్టీలా తయారైంది. 2001లోనే ఇంటెల్ ఇంజినీరు ప్యాట్ గెల్సింగర్ ఒక సభలో హెచ్చరించారు, ఇట్లాగే పోతే చిప్ మీద వేడి అణు రియాక్టర్ స్థాయికి చేరుతుందని. 2004లో ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియంను రద్దు చేసుకుంది. ఇరవై ఏళ్లు దాటింది. ఇవాళ మంచి లాప్‌టాప్‌ల మీద రాసే వేగం అయిదు గిగాహెర్ట్జ్, ఆ పైన కొంచెం. అదీ ఎప్పుడూ కాదు, చల్లగా ఉన్నంతసేపే.

ఈ చివరి మాట మన పల్నాడుకు చాలా ముఖ్యం. లోపల వేడి వంద డిగ్రీల దగ్గరకు వస్తే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. తగ్గించుకోకపోతే కాలిపోతుంది. చాలా లాప్‌టాప్‌ల వెంట వచ్చే కాగితంలో, 35 డిగ్రీల లోపు వాడండి అని ఉంటుంది. మే నెలలో మన పక్కన రెంటచింతలలో 45 దాటే రోజులున్నాయి. కాలిఫోర్నియాలో ఏసీ గదిలో కొలిచిన వేగాన్ని వీడియోలో చూసి, రేకుల షెడ్డులో అదే వేగం రావాలంటే ఎట్లా వస్తుంది? లక్ష పెట్టి కొన్న పలచని లాప్‌టాప్, దిండు మీద పెట్టి వాడితే గాలి ఆడక, యాభై వేల దానికంటే నెమ్మదిగా నడవడం నేను చూశాను. బల్ల మీద పెట్టండి. వెనక గాలికి జానెడు జాగా వదలండి. ఏడాదికోసారి ఫ్యాన్‌లో దుమ్ము దులిపించండి. ఎండాకాలం పెద్ద పని పొద్దున్నే చేసుకోండి. ఇది పైసా ఖర్చు లేని అప్‌గ్రేడ్.

వేడి గోడ అడ్డం వచ్చాక ఇంజినీర్లు ఇంకో దారి పట్టారు. ఒక ప్రాసెసర్ వేగం పెంచే బదులు, ఒకే చిప్‌లో రెండు, నాలుగు, పది ప్రాసెసర్లు పెట్టడం. వాటినే కోర్లు అంటారు. ఇది మిరప కోత లాంటిది. పదిమంది కూలీలొస్తే చేను తొందరగా అవుతుంది. కోసిన కాయ కల్లంలో ఎండాలి గదా. ఎండటానికి ఎంతమందిని పెట్టినా, ఎండాల్సినన్ని రోజులు ఎండాల్సిందే. కంప్యూటర్ పనిలోనూ కోతలాంటి భాగం, కల్లంలాంటి భాగం ఉంటాయి. జీన్ ఆమ్‌డాల్ అనే ఆయన 1967లోనే ఈ సూత్రం చెప్పాడు. వీడియోలు కలిపే పనికి పది కోర్లు అక్కరకొస్తాయి. పిల్లలు రాసే సీ ప్రోగ్రాము, పైథాన్ ప్రోగ్రాము, వర్డ్ ఫైలు, వీటికి ఒకటి రెండు కోర్లే పని చేస్తాయి, మిగతావి గట్టు మీద కూర్చుంటాయి.

ఇవాళ ఒక తరం ప్రాసెసర్‌కూ తర్వాతి తరానికీ మధ్య వేగంలో తేడా మామూలుగా పది నుంచి ఇరవై శాతం. ఇరవై అనుకుందాం. పది నిమిషాల పని ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లకు అవుతుంది. ఆ నూరు సెకన్ల కోసం ఏడాది ఆగడమా?

మరి మన ఇళ్లల్లో, బళ్లల్లో కంప్యూటర్ నత్తలా నడుస్తోందంటే కారణమేంటి? నూటికి తొంభై మంది ప్రాసెసర్ పాతదైపోయిందనుకుంటారు. నాకు ఎదురైన వాటిలో ఎక్కువ భాగం అది కాదు. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని సరుకు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. సరుకు ర్యామ్‌లో ఉంటే అది ఇంట్లో ఉన్నట్టు. ర్యామ్ చాలకపోతే డిస్క్ నుంచి తేవాలి. అది గుంటూరు కోల్డ్ స్టోరేజీ నుంచి తెచ్చినట్టు. ఎంత దూరమో లెక్క చెబుతాను. ర్యామ్ నుంచి తేవడానికి సెకనులో కోటో వంతు పడుతుంది. దాన్ని ఒక నిమిషం అనుకోండి. అదే లెక్కన ఎస్‌ఎస్‌డీ నుంచి తేవడానికి దాదాపు పదిహేడు గంటలు. పాత తిరిగే హార్డ్ డిస్క్ నుంచి తేవడానికి రెండు నెలల పైన! ఇప్పుడు చెప్పండి, ప్రాసెసర్‌ను ఇరవై శాతం వేగం చేస్తే ఆ రెండు నెలలు తగ్గుతాయా? హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే, ర్యామ్ ఎనిమిది జీబీ చేస్తే, పది నిమిషాలకు తెరుచుకునే పాత లాప్‌టాప్ నిమిషంలోపు తెరుచుకుంటుంది. ఇది నేను స్వయంగా చాలాసార్లు చేసి చూశాను.

ఇందాక ధరలు ఎందుకు పెరిగాయో చెబుతానన్నాను. అదీ ఈ ర్యామ్ వల్లే. ప్రపంచంలో ర్యామ్ ఎక్కువ భాగం చేసేది మూడే కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ కోసం కడుతున్న పెద్ద పెద్ద డేటా సెంటర్లకు ఆ ర్యామే కావాలి, వాళ్లు అడిగినంత ఇస్తారు. దాంతో 2025 చివరి నెలల్లో మనబోటి వాళ్లు కొనే ర్యామ్ ధరలు బాగా ఎగిశాయి. డిసెంబరులో మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మామూలు వినియోగదారులకు అమ్మే వ్యాపారాన్నే మానేస్తున్నామని ప్రకటించింది. ఎలక్ట్రానిక్ వస్తువు ఆగే కొద్దీ చవకవుతుందని ముప్పై ఏళ్లుగా నమ్ముకున్నాం. పోయిన ఏడాది ఆ నమ్మకం మా మిత్రుడి మీద విరుచుకుపడింది. రెండు నెలలు ఆగమన్న నాకు ఆ సంగతి జూలైలో తెలియదు. ఈ పనిలోనే జీతం తీసుకుంటున్నవాడికే తెలియనప్పుడు, వీడియో చేసేవాడికి తెలుస్తుందా?

అలాగని కొత్తవేవీ రావడం లేదని కాదు. ఇంటెల్ పాంథర్ లేక్ అనే చిప్‌ను అమెరికాలోని అరిజోనాలో తన సరికొత్త 18ఏ పద్ధతిలో చేస్తున్నామని పోయిన అక్టోబరులో చెప్పింది. క్వాల్‌కామ్ సెప్టెంబరులో ఎక్స్2 ఎలైట్‌ను ప్రకటించింది. ఆపిల్ అక్టోబరులో ఎం5 తెచ్చింది. ఇవి మంచి చిప్పులు. వీటిలో నిజమైన మెరుగు బ్యాటరీలో, వేడి తక్కువ కావడంలో ఉంది. 2020లో ఎం1తో వచ్చిన ఒక లాప్‌టాప్‌లో ఫ్యాన్ కూడా లేదు, అయినా రోజంతా నడిచింది. అప్పటి నుంచి అందరూ ఆ దారే పట్టారు. మన వేడికి, మన కరెంటు కోతలకు అది మంచి కబురే.

"ఏఐ లాప్‌టాప్ కొనాలా?" అని కూడా అడుగుతున్నారు. అందులో ఎన్‌పీయూ అని అదనపు భాగం ఉంటుంది. మైక్రోసాఫ్ట్ 2024లో పెట్టిన షరతు ప్రకారం దానికి సెకనుకు నలభై లక్షల కోట్ల లెక్కలు చేసే శక్తి ఉండాలి. బాగుంది. పిల్లలు ఇప్పుడు వాడుతున్న ఏఐ మాత్రం ఎక్కువ భాగం ఇంటర్నెట్ అవతల ఎక్కడో డేటా సెంటర్‌లో నడుస్తుంది. దానికి మీ దగ్గర నెట్ ఉంటే చాలు. ఒక్క ఎన్‌పీయూ కోసం ఇరవై వేలు ఎక్కువ పెట్టాల్సిన పని ఇంజినీరింగ్ మొదటి ఏడు పిల్లకు లేదు.

మరి ఎప్పుడూ ఆగకూడదా? ఆగొచ్చు. నాకు తగిలిన దెబ్బతో నేర్చుకున్న లెక్క ఇది. తేదీ, ధర, దుకాణం, ఈ మూడూ తెలిసిన దానికోసం ఆగండి. ఫలానా తేదీన, ఫలానా ధరకు, మనకు అందే దుకాణంలో దొరుకుతుందని కంపెనీ చెబితే, అది మూడు నాలుగు వారాల్లో ఉంటే, ఆగడంలో తప్పు లేదు. పాతది కాస్త తగ్గినా తగ్గుతుంది. ఈ మూడింటిలో ఒక్కటి తెలియకపోయినా అది పుకారే. పుకారు కోసం పని ఆపుకోకండి. ఉన్నదానితో పని జరుగుతున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు ఎన్నాళ్లయినా ఆగొచ్చు, వాళ్లకు పోయేదేం లేదు.

కొనేటప్పుడు చూడాల్సినవి తల్లిదండ్రులకు చెబుతాను, రాసుకోండి. ర్యామ్ పదహారు జీబీ ఉంటే మేలు. ఎనిమిదే దొరికితే, తర్వాత పెంచుకునే జాగా ఉందా అని అడగండి. కొన్ని పలచని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, ఇక పెంచడం కుదరదు. ఎస్‌ఎస్‌డీ 512 జీబీ. ప్రాసెసర్ ఒకటి రెండేళ్ల పాతదైనా పరవాలేదు. బాగుచేసే సర్వీసు సెంటరు నరసరావుపేటలోనో గుంటూరులోనో ఉండాలి. ఆ తర్వాతే రంగు, అందం.

ఇక మన బడి గది సంగతి. బడిలో ఉన్న పాత కంప్యూటర్లకు 2025 అక్టోబరు 14తో విండోస్ 10 మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. చాలా పాత ప్రాసెసర్లకు విండోస్ 11 ఎక్కదు. అందుకని వాటిని పారేయక్కర్లేదు. ఎస్‌ఎస్‌డీ వేసి లైనక్స్ ఎక్కిస్తే తెలుగు టైపు చేయడానికి, ప్రోగ్రాములు నేర్చుకోవడానికి ఇంకా కొన్నేళ్లు పనికొస్తాయి. ఆ పని నేనూ, హైదరాబాద్‌లో ఉన్న మన బ్యాచ్ వాళ్లూ వేసవి సెలవుల్లో వచ్చి చేసిపెడతాం. ఇది మాట. తేదీ కూడా చెబుతాను: మే మొదటి ఆదివారం. పొద్దున్నే మొదలుపెడదాం, మధ్యాహ్నం ఎండకు మేమూ వేగం తగ్గించుకుంటాం కాబట్టి.

కొత్తవి కొనే డబ్బును మొత్తం ఒకేసారి ఖర్చు పెట్టొద్దని నా మనవి. కరెంటు పోయినా రెండు గంటలు నడుస్తాయి కాబట్టి లాప్‌టాప్‌లే తీసుకుందాం. పోగైన దాంట్లో మూడు వంతులు పెట్టి జూన్‌లో బడి తెరిచే లోపల కొందాం. మిగతా వంతు బ్యాంకులో ఉంచుదాం. రెండేళ్ల తర్వాత బ్యాటరీలు మార్చడానికి, ర్యామ్ పెంచడానికి, అప్పటికి నిజంగా వచ్చిన కొత్తవి రెండు కొనడానికి అది కావాలి. ఆగుదామన్న వాళ్ల మాట కూడా అందులో నిలబడుతుంది.

ఏడాది ఆగుదామన్న పెద్దలను ఒక్క విషయం ఆలోచించమంటున్నాను. మనకు వచ్చే ఏడు ఉంటుంది, ఆ పై ఏడు కూడా ఉంటుంది. ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్లకు ఈ బడిలో మిగిలింది ఒక్క ఏడే. మనం మంచి ప్రాసెసర్ కోసం ఆగితే, అది వచ్చేసరికి ఆ పిల్ల వెళ్లిపోతుంది. ఆమెకు మనం ఇచ్చింది ఖాళీ గది.

పిల్లలకు చివరి మాట. ఈ చిప్పులు ఎక్కడో ఎవరో చేస్తారనుకోకండి. మొగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్‌ను నిలబెట్టారు. ట్రాంబేలో రూపొందిన కంప్యూటర్లను మన దేశంలోనే తయారుచేసి అమ్మింది ఆ సంస్థ. కొవ్వూరులో పుట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన రాజా కోడూరి గారు ఏఎండీలో, ఆపిల్‌లో, ఇంటెల్‌లో గ్రాఫిక్స్ చిప్పుల పనికి నాయకత్వం వహించారు. ఇవాళ హైదరాబాద్‌లో కూర్చుని ప్రాసెసర్లు గీస్తున్న వాళ్లలో మన జిల్లాల పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరూ మొదట మంచి కంప్యూటర్ దొరికాక నేర్చుకోలేదు. దొరికినదాని మీద నేర్చుకున్నారు. నేను నేర్చుకున్నది గుంటూరులో ఇద్దరు ముగ్గురికి ఒకటి చొప్పున ఇచ్చిన కంప్యూటర్ మీద. నా వంతు వచ్చేదాకా నేనూ కాగితం మీదే రాసుకునేవాణ్ని. అందుకే ఆ అమ్మాయి మాట నాకు అంతగా గుచ్చుకుంది. ముప్పై ఏళ్ల తర్వాత, ఆమెకు ఆ అవసరం రాకూడదు. నేను చెప్పిన సలహా వల్ల అసలు రాకూడదు.

వచ్చే ఏడు ఇంకా మంచిది వస్తుంది. ఆ పై ఏడు దానికంటే మంచిది వస్తుంది. ఆ వచ్చేవాటిలో ఒకటి మీలో ఎవరో చేసినది కావాలంటే, మీరు ఈ జూన్‌లోనే ఏదో ఒకదాని ముందు కూర్చోవాలి.

 మిత్రుడికి, వాళ్ల అమ్మాయికి ఈ సభలోనే క్షమాపణ చెప్పుకుంటున్నాను.